మొద్దు నొప్పి

"ఎవరమ్మా నువ్వు, రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడుతున్నావు?" అని హెడ్‌ఫోన్‌లో వినపడగానే ఆమె వెన్ను నిటారుగా అయిపోయింది. అక్క. మాట మాటకీ ఆయాసం అడ్డం పడుతున్నా సరే ఆ గొంతు అక్కదే, ఆ వెటకారం ఇంకెవరికీ అలా అమరదు. ఏళ్ల తరబడి వినని గొంతు ఇలా, ఆసుపత్రి యంత్రాల కూతల మధ్య నుంచి, పని వేళలో, ముందూ వెనకా లేకుండా ఊడిపడింది. ఆమె పని ఇదే. ఆసుపత్రివాళ్లు ఫోన్ చేస్తారు, అటు డాక్టరు ఇంగ్లీషులో అడుగుతాడు, ఇటు రోగి తెలుగులో చెప్తాడు, మధ్యలో ఆమె, ఇంట్లో ఓ మూల గదిలో తలుపు బిగించుకుని, ముఖం కనపడకుండా, పేరు చెప్పకుండా, ఒక నంబరుగా కూర్చుంటుంది. దుబాసీ. "ఏమన్నారావిడ?" అన్నాడు డాక్టరు. ఆమె చెప్పింది, ఒక్క ముక్క తగ్గకుండా: ఎవరు నువ్వు, వార్తలు చదివినట్టు మాట్లాడుతున్నావు. డాక్టరు పొడిగా నవ్వాడు. ఆ గదిలో పలికిన ప్రతి మాటా అవతలి ఒడ్డుకి దాటించాలి, అది తిట్టయినా, దగ్గయినా, దేవుణ్ణి పిలవడమైనా. కలపకూడదు, తియ్యకూడదు. రోగి "నేను" అంటే తనూ "నేను" అనాలి. మధ్యలో మనిషి లేనట్టే ఉండాలి.

ఇంకో నియమం కూడా ఉంది. అవతల ఉన్నది తెలిసినవాళ్లయితే ఆ క్షణమే చెప్పి తప్పుకోవాలి. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి, నోరు తెరవాలి, డాక్టరుగారూ, క్షమించండి, ఈవిడ మా అక్క. చెప్తే ఏమవుతుంది? లైను తెగుతుంది. ఈ పూట తెలుగుకి ఉన్నది తనూ, ఇంకొకాయనా, ఆయన పొద్దున్నుంచీ ఒక కాన్పు గదిలో ఇరుక్కుని ఉన్నాడు. ఆయన వచ్చేదాకా అక్క అక్కడ నోరు లేకుండా పడుకుంటుంది. వచ్చినా ఆయనకేం తెలుసు? మర్యాదస్తుడు, అక్షరం పొల్లుపోనివ్వడు, అక్క ఏమంటే అదే అంటాడు. అదే కదా ప్రమాదం. అయినా నిజం చెప్పుకోవాలంటే అదొక్కటే కాదు. గొంతు. ఇంకాస్సేపు ఆ గొంతు చెవిలో ఉండనీ అనిపించింది. అంతే. చెప్పలేదు.

డాక్టరు గొంతు మారింది. కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడు. నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా చెప్పాడు, దుబాసీలతో పని చేసి అలవాటున్నవాడు. గుండె ఇబ్బందిలో ఉందని ఈసీజీ చెప్తోంది. కారణాలు రెండు కావచ్చు. ఒకటి, గుండెకి రక్తం తెచ్చే నాళంలో గడ్డ అడ్డుపడటం. రెండు, గుండె నుంచి బయల్దేరే పెద్ద నాళం లోపలి పొర చీలిపోవడం. గడ్డయితే రక్తాన్ని పలచన చేసే మందు వెంటనే ఇవ్వాలి. చీలికయితే అదే మందు ప్రాణం తీస్తుంది. "అందుకని నొప్పి ఎలాంటిదో ఆవిణ్ణి సరిగ్గా ఆలోచించుకుని చెప్పమనండి. కోస్తున్నట్టు, చీలుస్తున్నట్టు ఉందా? లేక డల్‌గా ఉందా?" ఆమె దాన్ని తెలుగులోకి తెచ్చింది. తన గొంతు తనకే పరాయిగా వినపడింది, ఇస్త్రీ చేసినట్టు నున్నగా, వార్తలు చదివినట్టు. అక్క ఊపిరి తీసుకుంది. బావ గొంతు పక్క నుంచి, "చెప్పవే, అడుగుతున్నారుగా" అంటూ.

"కోయడం లేదు, గీయడం లేదు. మొద్దుగా ఉంది, అంతే. ఈమాత్రానికి ఇంతమంది పోగయ్యారేంటి, నాకేమన్నా పెళ్లా?"

మొద్దుగా. డల్. నోటి చివరిదాకా వచ్చింది ఆ చిన్న మాట. ఈ పనికి తీసుకునేముందు క్లాసులు పెట్టారు, అక్కడ నేర్పిన పెద్దావిడ బోర్డు మీద ఒక మూలగా రాసింది, పదును లేకపోవడానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో చూడండి అని. అన్నీ ఒకటే అనుకున్నారో, మీ వల్ల మనుషులు పోతారు అంది నవ్వుతూనే. డల్ అంటే ఒకప్పుడు పదునుండి పోయింది, కత్తి కావచ్చు, చూపు కావచ్చు, ఆకలి కావచ్చు. బ్లంట్ అంటే మొన లేకుండా చేసింది, లేదా మొన అక్కర్లేనిది, రోకలిలాంటిది, అది కొడితే తెగదు, నలుగుతుంది. నంబ్ అంటే అసలేం తెలియకపోవడం. ఫెయింట్ అంటే ఉంది కానీ అందదు. బ్లర్ కంటికి, వేగ్ జ్ఞాపకానికి. రోగి పొట్ట పట్టుకుని వేగ్‌గా ఉంది అన్నట్టు మీరు చెప్తే డాక్టరు రోగిని కాదు, మిమ్మల్ని చూస్తాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు, రాసుకోనూ లేదు, ఎందుకంటే ఆ తేడా తనకి ఎప్పుడో తెలుసు, ఇంగ్లీషు రాకముందే తెలుసు, అక్క కత్తెరల బల్ల దగ్గర తెలుసుకుంది.

బట్టలు కుట్టే కార్ఖానాలో అక్క కటింగ్ బల్లకి పెద్ద. పొడుగాటి బల్ల, గుడ్డ పొర మీద పొర, గాలి నిండా నూలు ధూళి, ముక్కులోంచి నీలం రంగు చీమిడి వచ్చేది నీలం గుడ్డ కోసిన రోజున. సెలవుల్లో తనూ వెళ్లేది. ఒకసారి గుండ్రటి కొసలున్న కత్తెర తీసి, ఇది పాడైపోయిందే అక్కా అంటే నెత్తి మీద ఒక్కటిచ్చింది. "పాడవడమేంటే, అదలాగే పుట్టింది. పసిపిల్లల బట్టల దగ్గర దారాలు తీసేది. మొన ఉంటే గుడ్డకి గుచ్చుకోదూ? దానికి మొన లేదు, అంచు ఉంది. ఇదిగో, ఇది చూడు, దీనికి మొనుంది, అంచు పోయింది. నీలాంటిది." అంది. పక్కనున్న ఆడవాళ్లందరూ పడీపడీ నవ్వుతుంటే తనూ నవ్వింది, ఏడుపు ఆపుకుని. అక్క మాట అంతే. కొడితే నలిగేది. మొహం మీద అనేస్తుంది, పెళ్లిలో అయినా చావులో అయినా. తనేమో ఏ మాటా టక్కున తట్టని మనిషి, రెండు రోజుల తర్వాత వంటింట్లో జవాబు దొరికి ఒక్కత్తీ గొణుక్కునే రకం. అక్క బ్లంట్, చెల్లెలు డల్. ఇద్దరికీ పదును లేదనే అనేవాళ్లు ఇంట్లో, కానీ లేని తీరు వేరు.

పదును లేని ఆ మాటతోనే కదా అక్క తన కాపురాన్ని నలగ్గొట్టింది. నిండా జనం ఉన్న ఇంట్లో, భోజనాల దగ్గర, కంచం ముందు కూర్చుని, "నీ మొగుడు నిన్ను మనిషిలా చూడట్లేదే. సంచీ సర్దుకుని నాతో వచ్చెయ్" అంది. ఆయన అక్కడే ఉన్నాడు. ఆయన తల్లి అక్కడే ఉంది. తను లేచి, నువ్వే వెళ్లిపో అక్కా, మళ్లీ మా గుమ్మం తొక్కకు అంది. జీవితంలో తనకి టక్కున తట్టిన మాట అదొక్కటే. అక్క చెయ్యి కడుక్కుని వెళ్లిపోయింది. ఆ తర్వాత అక్క చెప్పినట్టే అయింది, ఇంకా ఘోరంగా అయింది, ఆయన వదిలేసి పోయాడు, ఇల్లు పోయింది, ఈ మూల గదీ హెడ్‌ఫోనూ మిగిలాయి. అక్క మాట అబద్ధమై ఉంటే ఫోన్ చేసేది. నిజమైంది కాబట్టే చెయ్యలేకపోయింది. రేపు చేద్దాం, ఈ నెలాఖరుకి చేద్దాం అనుకుంటూ అనుకుంటూ ఆ అనుకోవడం కూడా అరిగిపోయింది.

"హలో? విన్నారా? ఏమన్నారావిడ?" డాక్టరు. ఎంతసేపయింది? ఒక్క ఊపిరంత. రెండు ఊపిరులంత. డల్ అను. అన్నది అదే కదా, అదే చెప్పు. కానీ అక్క. ఊరందరి మొహాల మీదా నిజాలు కొట్టే అక్క, తన ఒంటి సంగతికొచ్చేసరికి పచ్చి అబద్ధాలకోరు. బల్ల మిషను కింద వేలి కొస తెగి గుడ్డ పొరల్లోకి దొర్లిపోతే చేతికి పేలిక చుట్టుకుని, "కాస్త గీసుకుందిలే" అంటూ ఆ కొస వెతికిన మనిషి. కాన్పు నొప్పులు పడుతూ, కాస్త లాగుతోందంతే అని గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరిన మనిషి. పంటికి చీముపట్టి దవడ తిరిగిపోతే, బరువుగా ఉంది అంది. అక్క నొప్పిని ఎప్పుడూ ఒక మెట్టు దించి చెప్తుంది, రెండు మెట్లు దించి చెప్తుంది. అక్క మొద్దుగా ఉంది అంటే కోసేస్తోందని అర్థం, ఈ లోకంలో ఆ అర్థం తెలిసింది తనొక్కదానికే. పైగా ఆ ముసలాయన. పోయిన ఏడాది ఇలాంటి ఫోనులోనే ఒక ముసలాయన, ఇదే ప్రశ్నకి, ఏదో మొద్దుగా ఉందయ్యా అన్నాడు. తను డల్ అంది, నియమం ప్రకారం, అక్షరం పొల్లుపోకుండా. మందిచ్చారు. లోపల చీలిక. లైనులో ఉండగానే ఆ గది గందరగోళమైంది, కాస్సేపటికి ఆయన కొడుకు గొంతు, మా నాన్న నొప్పిని నొప్పి అని ఎప్పుడు చెప్పాడండీ, అడిగే తీరులో అడగాలి కదా అని. తను దాన్నీ దాటించింది. దాటించి, లైను పెట్టేసి, బాత్రూంలోకి వెళ్లి నీళ్లు తిప్పి కూర్చుంది.

"షార్ప్" అంది. తన నోరే. "చీలుస్తున్నట్టుంది. వీపులోకి పోతోంది."

అంతే. అంత తేలిక. గోడ కూలలేదు. డాక్టరు గొంతు ఒక్కసారి గట్టిపడింది, ఆ ఇంజెక్షన్ ఆపండి, పక్కన పెట్టండి, ముందు స్కానింగ్‌కి తీసుకెళ్లాలి, ఖాళీ ఉందా కనుక్కోండి. ఎవరో పరిగెత్తారు. స్కానింగ్ దగ్గర రోడ్డు ప్రమాదం కేసు ఉంది, ఆగాలి అన్నారు. ఆగుదాం అన్నాడు డాక్టరు. ఆమె అదంతా తెలుగులో చెప్పింది, స్కానింగ్ చేస్తారట, కాస్త ఆగాలట. చెప్తుంటే లోపలెక్కడో ఒక పిచ్చి ధైర్యం పొంగింది. చూశావా అక్కా, నీ అబద్ధం నా దగ్గర చెల్లలేదు. ఈసారి నేను మొద్దులా కూర్చోలేదు. రేపు నువ్వు మంచం మీద కూర్చుని కాఫీ చల్లారిందని నర్సుని దులిపేస్తుంటే వస్తాను, గుమ్మంలో నిలబడతాను, అప్పుడు చెప్తాను, ఆ వార్తలు చదివింది నేనే అని.

ఆగుతున్న గదిలో చప్పుళ్లు వేరుగా ఉంటాయి. చక్రాల కుర్చీ కీచుమనడం, ఎవరిదో చెప్పు ఈడ్చుకోవడం, యంత్రం ఒకే కూత. బావ ఏదో సర్దుతున్నాడు, దుప్పటి కాబోలు. "వదిలెయ్యవయ్యా, నన్ను ఇప్పుడే కప్పెట్టకు" అంది అక్క. ఆమె దాన్ని డాక్టరుకి చెప్పింది, నన్ను ఇప్పుడే కప్పెట్టకు. నర్సు నవ్వింది. తర్వాత అక్క గొంతు దగ్గరగా వచ్చింది, ఫోను వైపు తిరిగినట్టుంది. "ట్రాన్స్‌లేటరమ్మా, నువ్వు కూడా మా చెల్లెల్లాగే ముందు గుటక మింగి తర్వాత మాట్లాడతావు." ఏమన్నారు అని డాక్టరు. దాటించాలి. "ట్రాన్స్‌లేటరమ్మా, మీరు నా చెల్లెల్లాగే, ముందు గుటక మింగి తర్వాత మాట్లాడతారు" అని ఇంగ్లీషులో అంది, నా చెల్లెలు, మై సిస్టర్, ఆ "నా" అక్కది, ఆ చెల్లెలు తను, నాలుక మీద రెండూ ఒకదాన్నొకటి రాసుకుని మంట పుట్టింది. డాక్టరు మంచివాడు. ఆ చెల్లెలికి కబురు పెట్టమంటారా, నంబరుందా అన్నాడు. ఆమె అక్కని అడిగింది, మీ చెల్లెలికి కబురు పెట్టమంటారా? మీ చెల్లెలికి.

"వద్దులెండి. నంబరు మారిందేమో కూడా. అదొట్టి కంగారు మనిషి, ఏదో ఒకటి చేసి కూర్చుంటుంది. తగ్గాక నేనే చేస్తా."

ఇప్పుడు చెప్పు. అక్కా, నేనే. రెండు మాటలు. కానీ ఇప్పుడు చెప్తే లైను తీసేస్తారు, అప్పుడు ఆ చీలుస్తున్నట్టుంది అన్న మాట ఎవరిదని అడుగుతారు, ఉద్యోగం సంగతి సరే, అక్క స్కానింగ్ ఆగిపోతే? వద్దు. కాస్సేపు ఓపిక పట్టు. కిటికీ అవతల ఎదురింటి మేడ మీద ఎవరో తడి బట్టలు ఆరేస్తున్నారు, దులిపినప్పుడల్లా టప్పుమని చప్పుడు, అద్దంలోంచి వినపడదు, కనపడుతుంది. వినపడని చప్పుడు. మఫుల్డ్. పెద్దావిడ బోర్డు మీద అది కూడా రాసింది. అక్క ఊపిరి ఇప్పుడు హెడ్‌ఫోన్‌లో గుడ్డ చాటున ఉన్నట్టుంది. చక్రాలు కదిలాయి. మీరు లైనులోనే ఉండండి అన్నాడు డాక్టరు, ఫోను అక్కడే బల్ల మీద పెట్టినట్టున్నాడు. ఖాళీ గది హోరు. ఆమె చేతులు చూసుకుంది. గోళ్ల కింద అరచేతిలో నెలవంకలు పడ్డాయి. నొప్పి లేదు. నంబ్.

మళ్లీ చప్పుళ్లు వచ్చేసరికి అవి వేరే చప్పుళ్లు. చీలిక లేదు, నాళం శుభ్రంగా ఉంది, గడ్డే, గడ్డే అయ్యుండాలి, ఇంజెక్షన్ ఎక్కడ, ఎక్కించండి, త్వరగా. ఇవి ఆమెకి చెప్పిన మాటలు కావు, కానీ గదిలో పలికిన మాటలు, తెలుగులోకి తేవాల్సిన మాటలు, నోరు తెరిచింది, చీలిక లేదట అని సగం చెప్పింది. యంత్రం కూత మారిపోయింది. ఒకటే కూత, తెగకుండా, సాన రాయి మీద కత్తెర పెట్టి తియ్యడం మర్చిపోయినట్టు. బయటికెళ్లండి సార్, మీరు బయటికెళ్లండి. బావని బయటికి పంపిస్తున్నారు. ఎవరో లెక్క పెడుతున్నారు, గట్టిగా, ఛాతీ మీద నొక్కుతూ. అది కూడా తెలుగులోకి తేవాలా? ఎవరికి? వినాల్సిన మనిషికి వినపడుతోందా? చీలిక లేదు. అక్క నిజమే చెప్పింది. కోయడం లేదు, గీయడం లేదు, మొద్దుగా ఉంది అంతే. అన్నీ దించి చెప్పే అక్క ఈ ఒక్కసారి ఉన్నదున్నట్టు చెప్పింది, ఊరందరికీ చెప్పినట్టు తన ఒంటి గురించి కూడా చెప్పింది, ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు, నేను లేని ఏళ్లలో అక్క నొప్పిని నొప్పి అనడం ఎప్పుడు నేర్చుకుంది? నాకు తెలిసిన అక్క అరిగిపోయి, కొసలు చెదిరిపోయి, నా దగ్గర మిగిలిన పాత బొమ్మ. దాన్ని పట్టుకుని జీవంతో ఉన్న మనిషి నోరు మూశాను. లెక్క ఆగింది. మళ్లీ మొదలైంది. మళ్లీ ఆగింది.

వేరే గది. తలుపు మూసిన చప్పుడు. బావ గొంతు సవరించుకోవడం, బావ ఎప్పుడూ అంతే, మాట్లాడే పని లేనప్పుడు కూడా సవరించుకుంటాడు. డాక్టరు కూర్చున్నాడు. చావు కబురు చెప్పేటప్పుడు మాటకున్న మొన తీసెయ్యకూడదని వాళ్లకీ నేర్పుతారు, దుబాసీలకీ నేర్పుతారు. పోయారు, ఇక లేరు, దక్కలేదు, ఇవేవీ వద్దు, వినేవాళ్లు ఆశతో ఇంకో అర్థం వెతుక్కుంటారు. డాక్టరు మెత్తగా ఏమీ చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు. "మీ భార్య చనిపోయారు." తన గొంతు. వార్తలు చదివినట్టు. బావ కుర్చీ చెయ్యి మీద వేళ్లతో టకటకలాడించాడు, ఆపాడు. ఎలాగండీ, నడిచే కదా వచ్చింది అన్నాడు చివరికి. దాటించింది. డాక్టరు జవాబు చెప్పాడు, ముక్కలు ముక్కలుగా, ఓపిగ్గా, ఒక్కో ముక్కనీ ఆమె చేతికిస్తూ. గుండె నాళంలో గడ్డ. దానికి మందుంది. కానీ మొదట మేం చీలిక అనుకున్నాం. చీలిక అయితే ఆ మందు ఇవ్వకూడదు. అందుకని స్కానింగ్ అయ్యేదాకా ఆపాం. ఆపడం వల్ల ఆలస్యమైంది. నొప్పి చీలుస్తున్నట్టుంది, వీపులోకి పోతోంది అని ఆవిడ చెప్పారు కాబట్టి అలా చెయ్యాల్సి వచ్చింది. ఆమె ఒక్కో ముక్కనీ తెలుగులో పెట్టింది. ఆవిడ చెప్పారు కాబట్టి, అని కూడా పెట్టింది.

బావ వాదించే మనిషి కాదు. దుఃఖంలో కూడా తప్పు విన్నానేమో అని ముందు తననే అనుమానించుకునే మనిషి.

"అలా అనలేదండీ" అన్నాడు. "నేను పక్కనే ఉన్నా. మొద్దుగా ఉంది అంది. ఇంట్లో కూడా అదే మాట, ఎవరో బరువు పెట్టినట్టు మొద్దుగా ఉందయ్యా అని. చీలుస్తున్నట్టుంది అని మా ఆవిడ అనలేదు."

"ఏమంటున్నారాయన?"

కిటికీ అవతల మేడ మీద బట్టలన్నీ తీగె మీద కదలకుండా ఉన్నాయి. మింగేయొచ్చు. భరించలేకపోతున్నాను అంటున్నాడు అని చెప్పొచ్చు, ఎవరికీ తెలియదు, ఇద్దరికీ మధ్య ఉన్న వంతెన తనొక్కతే, బావకి ఇంగ్లీషు రాదు, డాక్టరుకి తెలుగు రాదు, అక్క రాదు. అలా అనలేదండీ. నేను పక్కనే ఉన్నా. ఇంగ్లీషులో చెప్పింది, వరసగా, ఇంట్లో అన్న మాటతో సహా. నొప్పి డల్‌గా ఉంది అంది, చీలుస్తున్నట్టుంది అని మా ఆవిడ అనలేదు.

అవతల కలం బల్ల మీద పెట్టిన చప్పుడు. "మరి ఆ మాట ఎవరన్నారు?" అన్నాడు డాక్టరు, ఈసారి నెమ్మదిగా కాదు.

ఇదీ గదిలో పలికిన మాటే. ఆమె బావకి చెప్పింది. "మరి ఆ మాట ఎవరన్నారు, అని డాక్టరుగారు అడుగుతున్నారు." బావ గొంతు సవరించుకున్నాడు. జవాబు ఎవరి దగ్గరుందో ఆయనకి తెలియదు పాపం, ఫోను వైపు చూస్తూ కూర్చుని ఉంటాడు. పొద్దున్నుంచీ తను ఎన్నిసార్లు అందో ఆ మాట, నేను, నేను, నాకు, నా, అన్నీ వేరేవాళ్లవి.

"నేను, బావా."

బావ ఆమెని పేరు పెట్టి పిలిచాడు. ఏళ్లుగా ఎవరూ పిలవని ఇంటి పిలుపుతో, ప్రశ్నలా కూడా కాదు, కాళ్ల కింద ఏదో విరిగినట్టు.

"ఏమన్నారు? ఆయనతో మీరేమన్నారు?" అన్నాడు డాక్టరు.

ఆమె ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది.